రివ్వారు వంశము రివీరు వంశమైన కథ

మన పెద్దలు బిడ్డ పుట్టినంతనే ఆ యేటి పంచాంగపుటంచున తిథివారనక్షత్రములును గడియలును వ్రాసి యుంచెడివారు. జాతకము వ్రాయించుటకు పనికివచ్చునని వ్రాసికొన్న ఆ రెండు పంక్తులే పెక్కు కుటుంబములలో పూర్వులను గూర్చి మిగిలిన సర్వస్వము. ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమునకు తూర్పుగా, డోర్డోన్యు నదికి చేరువలో, సాంత్ ఫ్వా పట్టణము దాపున రియోకో యను చిన్న పల్లె యొకటి కలదు. ఆ ప్రాంతమువాడగు ఈసాకు రివ్వారు అను గృహస్థుడును అట్లే తన యింటి పుస్తకమున బిడ్డను గూర్చి కొన్ని మాటలు వ్రాసికొనెను. తమ కుమారుడు అపొల్లోసు 1702 నవంబరు 30వ తేదీ రాత్రి పది గంటల ప్రాంతమున జన్మించెననియు, రియోకోలో బాప్తిస్మము పొందెననియు, తన సోదరుడే జ్ఞానపితగా నిలిచెననియు అందు కలదు. ఆ పిమ్మట నొక్క వాక్యము: అపొల్లోసు 1715 నవంబరు 21వ తేదీని గెర్న్సీ ద్వీపమునకు బయలుదేరెను.

లెక్క చూచినచో ఆనాటికి ఆ బాలునకు పదుమూడేండ్లు నిండుటకు తొమ్మిది దినములు తక్కువ. పుట్టుకయు ప్రయాణమును ఒక్కచోటనే వ్రాసికొన్న ఆ తండ్రి మరి బిడ్డను చూచెనో లేదో వ్రాతలో లేదు. పసివానిని సముద్రము దాటించి పంపవలసినంత అక్కర ఏమి కలిగెను? దానికి సమాధానము ఆ కాలపు ఫ్రాన్సు చరిత్రయందున్నది.

పదునారవ శతాబ్దిలో క్రైస్తవమతమున సంస్కరణోద్యమము చెలరేగినప్పుడు ఫ్రాన్సులో కాల్విను బోధలను అవలంబించిన వారికి హ్యూగెనాట్లని పేరు వచ్చెను. ఆ పేరు ఎట్లు పుట్టెనో పండితులు నేటికిని వాదులాడుచునేయున్నారు. ఆ గొడవ మనకు వలదు. ముప్పది యారేండ్ల అంతర్యుద్ధముల అనంతరము నాలుగవ హెన్రీ రాజు 1598లో నాంత్ శాసనము వెలువరించి వారికి కొన్ని హద్దులలో ఆరాధనా స్వేచ్ఛను, పౌరహక్కులను ఇచ్చెను. ఆతని మనుమడు పదునాల్గవ లూయీ ఆ శాసనమును మెల్లమెల్లగా కొఱికివేయుచు వచ్చి, 1685 అక్టోబరులో పూర్తిగా రద్దు చేసెను. అంతకు ముందు నుండియే సైనికులను హ్యూగెనాట్ల యిండ్లలో విడిది చేయించి, మతము మార్చుకొనువరకు వారి గాదెలను, వారి ఓర్పును కరగించుట ఆరంభమయ్యెను. రద్దు జరిగిన పిదప ప్రార్థనామందిరములు కూల్చబడినవి. బోధకులు పదునైదు దినములలో దేశము విడువవలెను. సామాన్యులు మాత్రము విడువరాదు. తప్పించుకొని పోవుచు పట్టుబడిన పురుషునకు రాజుగారి పడవలపై గొలుసుకట్టుతో తెడ్డు వేయు శిక్ష. ఐనను లక్షన్నరకు తక్కువ కాని జనము హాలెండు, ఇంగ్లండు, ప్రష్యా, స్విట్జర్లండులకును, ఆఫ్రికా దక్షిణాగ్రమునకును, అమెరికాకును వలసపోయిరి. నేతగాండ్రు, గడియారములు చేయువారు, కంసాలులు, వర్తకులు వారిలో మిక్కుటము. ఒక రాజు తన దేశపు పనితనమును తానే ఊరి వెలుపలకు నెట్టుకొనుట చరిత్రలో అదియే మొదలు కాదు, కడయు కాదు.

ఇచట మన తెలుగువారికి కొంత పరిచయముగల పేరొకటి తలచుకొనవలసియున్నది. కృష్ణాతీరమునందలి కొల్లూరు వజ్రపు గనులను కన్నులార చూచి వర్ణించిన టావెర్నియే అను వర్తకుడు పారిస్ నగరపు ప్రొటెస్టెంటు కుటుంబమున పుట్టినవాడు. మన గోలకొండ సీమ నుండి కొనిపోయిన పెద్ద నీలివజ్రమును ఆతడు అమ్మినది ఈ పదునాల్గవ లూయీకే. రాజు ఆతనికి బిరుదమిచ్చి గౌరవించెను. కాని వృద్ధాప్యమున ఆతడును ఫ్రాన్సు విడిచి స్విట్జర్లండు చేరెను. 1689లో రష్యాలో మరణించెను.

వజ్రము గల వర్తకునకు దారులు పెక్కు. రియోకో గ్రామపు గృహస్థునకు అట్టివి లేవు. నాంత్ శాసనము రద్దైన పిమ్మట హ్యూగెనాట్లకు చట్టము దృష్టిలో ఉనికియే లేదు. వారి బిడ్డలకు కాథలిక్ పూజారియే బాప్తిస్మమీయవలెను. లేనిచో పుట్టినట్లు లెక్క లేదు. పూజారి యెదుట జరుగని వివాహము వివాహము కాదు. అట్టివారి సంతానమునకు వారసత్వము లేదు. కనుకనే ఈసాకు తన బిడ్డ బాప్తిస్మము పొందిన ఊరిని వ్రాసికొని యుండును. రివ్వారు కుటుంబము దేశముననే నిలిచి, తలవంచి, లోలోపల తమ నమ్మకమును కాపాడుకొనుచు వచ్చిన వారిలోనిది. 1715 సెప్టెంబరు 1వ తేదీన లూయీ మరణించెను. శాసనములు మాత్రము మరణింపలేదు. ఎనుబదియొక్క దినములు గడచునప్పటికి బాలుడు అపొల్లోసు పడవయెక్కెను.

గెర్న్సీ ద్వీపము ఫ్రాన్సు తీరమునకు ఆనుకొనియున్నను ఇంగ్లండు రాజునకు చెందినది. అచట తండ్రి సోదరుడు సీమోను రివ్వారు శరణార్థిగా స్థిరపడియుండెను. ఆయన బాలుని తనయొద్ద ఉంచుకొనక, దారిబత్తెమును శిష్యరికపు రుసుమును చెల్లించి, అట్లాంటిక్ సముద్రమునకావలనున్న బోస్టను నగరమునకు పంపెను. అచట జాన్ కోనీ యను పేరుమోసిన వెండిపనివాడు కలడు. ఆయన యొద్ద బాలుడు పని నేర్చుకొనుటకు ఒప్పందము వ్రాయబడెను. నాటి ఒప్పందములు మన ఊళ్ళలో గురువు యింట ఉండి పని నేర్చుకొనునట్టివి కావు. శిష్యుని కాలము గురువుగారి ఆస్తి. గురువు మరణించినచో మిగిలిన కాలమును బల్లలు, కుర్చీలు, పనిముట్లతోపాటు వెల కట్టుదురు.

అదియే జరిగెను. 1722లో కోనీ మరణించెను. ఆస్తిపట్టీలో మన బాలుని మిగిలిన మూడున్నర సంవత్సరముల కాలమునకు ముప్పది పౌనుల వెల కట్టబడినది. ఆ కాలమునకు నలుబది పౌనులు ముట్టినట్లు లెక్కలలో కలదు. అనగా తన స్వేచ్ఛను వెలకట్టినదానికంటె పది పౌనులు ఎక్కువ యిచ్చి ఆతడు కొనుక్కొనెను. ఇరువదియేండ్ల పరదేశికి ఆ ధనమెక్కడిది? గెర్న్సీలోని బంధువులు సహాయము చేసియుందురని ఊహింపవచ్చును. ఏలయనగా మరుసటి సంవత్సరము ఆతడు వారిని చూడబోయెను. అచటనే ఉండిపోవచ్చును. ఫ్రెంచి వినబడు గాలి, సొంత మనుష్యులు. కాని తిరిగి బోస్టనుకే వచ్చెను. ఆతని జీవితములో తానై చేసికొన్న మొదటి నిర్ణయము ఇదియే యని నా అభిప్రాయము. మిగిలినవన్నియు అంతవరకు ఇతరులు చేసినవి.

పై ఆస్తిపట్టీలో మరియొక విశేషము కలదు. అందు ఆతని పేరు అపొల్లోసు కాదు, పాల్ అని యున్నది. ఇంటిపేరు మాత్రము ఇంకను ఫ్రెంచి వాసన వదలలేదు. పూర్వులను వెదకువారికి చిక్కు కలిగించునది ఇట్టి సంధికాలమే. రియోకోలోని అపొల్లోసును, బోస్టనులోని పాల్‌ను కలుపు దారము తెగినచో ఇద్దరు వేర్వేరు మనుష్యులగుదురు. కొంతకాలమునకు ఇంటిపేరును రివీరు అయ్యెను. ఊరి మోటువారు పలుకుటకు సులువుగా నుండునని మాత్రమే ఆ మార్పు చేసికొనెనని కుటుంబమున చెప్పికొనెడివారు. 1730లో ఒక పత్రికలో, తాను రేవుదాపు నుండి నగరపు ఉత్తరభాగమునకు దుకాణము మార్చితినని, పాల్ రివీరు, స్వర్ణకారుడు అను పేర ప్రకటన వేయించెను. అప్పటికి కొలది నెలల క్రిందటనే, 1729లో, డెబొరా హిచ్‌బోర్ను అను బోస్టను కన్యను వివాహమాడియుండెను. ఆమెవైపు వారు పడవలు, రేవులు, చేతిపనులు గల విస్తారమైన కుటుంబము. ఇంటిలో మాటలాడు భాష ఇంగ్లీషు. బోస్టనులో హ్యూగెనాట్లకు ప్రత్యేకముగా ఫ్రెంచి ప్రార్థనామందిరమొకటి యుండెడిది. పిల్లలును మనుమలును ఇంగ్లీషు మందిరములకు మరలుటచే అది 1748లో మూతపడెను. పొట్టపోసికొనుటకు, పెండ్లాడుటకు, పలుకరింపబడుటకు పరభాష అవసరమైనచోట మాతృభాష ఒక్క తరమున ఆవిరియగునని ఆ మందిరపు తలుపులే సాక్ష్యము.

1734 డిసెంబరులో పుట్టిన ఈ దంపతుల పెద్దకుమారుడే చరిత్రలో ప్రసిద్ధుడైన పాల్ రివీరు. ఆతడు బాప్తిస్మము పొందిన తేదీ 1734 డిసెంబరు 22. నాడు ఇంగ్లీషువారి పంచాంగము ఐరోపాలోని పెక్కు దేశములకంటె పదునొకండు దినములు వెనుకబడియుండెను. 1752లో దానిని సరిదిద్దుకొనిరి. అందుచే కొన్ని గ్రంథములలో అదే తేదీ 1735 జనవరిలో కనబడును. పొరపాటని చదువరులు భ్రమపడరాదు. తండ్రికొడుకుల పేరొక్కటే, వృత్తియొక్కటే, దుకాణమొక్కటే యగుటచే వెండిపాత్రలపై ముద్రలను చూచి ఇది తండ్రి పనియా కొడుకు పనియా యని తేల్చుట పరీక్షకులకును శ్రమయే. మన యిండ్లలో తాత పేరు మనుమనికి పెట్టుదురు కనుక నడుమ ఒక తరము విడిదియుండును. అచట ఆ విడిదియు లేదు.

1754లో తండ్రి మరణించెను. ఆస్తియేమియు విడువలేదనియు, మంచిపేరును ఏడుగురు బిడ్డలను విడిచిపోయెననియు కొడుకు తరువాత ఒక బంధువునకు వ్రాసెను. పందొమ్మిదేండ్ల వయసున దుకాణపు భారము పెద్దకొడుకుపై పడెను. రెండేండ్లకు మరియొక చిత్రము జరిగినది. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషు వలసలకును ఫ్రెంచి వలసలకును యుద్ధము సాగుచుండగా 1756లో ఆతడు ఫిరంగిదళమున ఉపసేనానిగా లేక్ జార్జి ప్రాంతమునకు పోయెను. రియోకో బాలుని కుమారుడు ఫ్రెంచివారిపై యుద్ధమునకు నడచెను. అప్పటి ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ, తాతను వేధించిన రాజు మునిమనుమడు. మనస్సున ఏమనుకొనెనో లేఖలలో లేదు గాని, వేసవి గడచి యిల్లుచేరి, వెండి కరగించుచు కూర్చుండెను.

పాల్ రివీరు స్వాతంత్ర్యోద్యమమున చేసిన సేవలు పలువురెరిగినవే. కనుక కొలదిగా చెప్పెదను. తేయాకును సముద్రమున పడవేసిన 1773 డిసెంబరు నాటి సంఘటనలో పాల్గొనెను. ఉద్యమ సంఘముల లేఖలను గుఱ్ఱముపై ఫిలడెల్ఫియా వరకును మోసెను. 1775 ఏప్రిలు 18 రాత్రి, బ్రిటిషు సైన్యము కదలుచున్నదని చెప్పుటకు వైద్యుడు జోసఫ్ వారెను ఆతనిని పంపెను. చార్లెసు నదిని చిన్న పడవలో దాటి, ఎరువు తెచ్చుకొన్న గుఱ్ఱముపై లెక్సింగ్టను చేరి హాన్‌కాక్, ఆడమ్సు అను నాయకులకు హెచ్చరిక నందించెను. లాంగ్‌ఫెలో మహాకవి 1860లో వ్రాసిన గేయమున ఈ స్వారి యంతయు ఒక్కని కీర్తియే. వాస్తవమున విలియం డాస్ అను నతడు మరియొక దారిని అదే రాత్రి బయలుదేరెను. ముందుకు సాగిన పిదప శత్రువులు రివీరును పట్టుకొని గుఱ్ఱమును లాగికొనిరి. కాంకర్డు గ్రామమునకు వార్త చేర్చినవాడు వైద్యుడు సామ్యూల్ ప్రెస్కాట్. కవి చేసిన అన్యాయమునకు రివీరు బాధ్యుడు కాడు. ఆతడు వ్రాసిన సొంత వృత్తాంతమున తాను పట్టుబడిన సంగతి దాచలేదు.

అందరికి తెలియని భాగము, నాకు మిక్కిలి రుచించిన భాగము, ఆతని ఉత్తరములు. వంశవృక్షమును వెదకు కోరిక రివీరుకును కలిగెను. గెర్న్సీలో జాన్ రివ్వారును, సాంత్ ఫ్వాలో మథియాసు రివ్వారును జ్ఞాతులు. వారితో ఆతడు ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. తండ్రి మాతృభాష కొడుకునకు సంక్రమించినట్లు కనబడదు. ఒక పేరునకు మూడు ప్రదేశములలో ముగ్గురు ప్రతినిధులు: ఒకరు ఇంగ్లండు రాజు ప్రజ, ఒకరు ఫ్రాన్సు రాజు ప్రజ, ఒకరు రాజునే కాదన్న గణరాజ్యపు ప్రజ. యుద్ధము ముగియవచ్చిన 1782లో గెర్న్సీ జ్ఞాతి అమెరికనుల తిరుగుబాటును తప్పుపట్టగా రివీరు కడు ఘాటుగా బదులిచ్చెను. నీవు తగవులోని న్యాయమును పరిశీలింపలేదు. మా అనుమతి లేక మా నుండి ఒక్క షిల్లింగు తీసికొను హక్కు వారికున్నచో మాకు గల సర్వస్వమును తీసికొను హక్కును ఉన్నట్లే యని ఆ వాదము. బంధుత్వమును వెదకుచు వ్రాసిన ఉత్తరము రాజకీయ వాదముగా మారినది. ఐనను సంబంధము తెగలేదు. ఆ సంవత్సరమే ఆతడు వేరొక నిందనుండి బయటపడెను: 1779లో పెనాబ్‌స్కాట్ దండయాత్ర ఘోరముగా విఫలము కాగా తనపై మోపబడిన అవిధేయతా నేరమును తానే పట్టుపట్టి విచారణ చేయించుకొని, సైనిక న్యాయస్థానముచే నిర్దోషియనిపించుకొనెను. ఏడుగురు బిడ్డలతోపాటు తండ్రి విడిచిన ఆస్తి మంచిపేరొక్కటే యని పలికినవాడు దానికై అంత పోరుట వింత కాదు.

గ్రంథములపై అతికించు చీటీకై రివీరు తన పేర కులచిహ్నము నొకదానిని చెక్కుకొనెను. పూర్వులు ప్రభువులని చూపుకొను ముచ్చట అన్ని దేశములవారికి ఉన్నదే. ఆ చిహ్నముకంటె ఈసాకు వ్రాసికొన్న ఆ నాలుగు మాటలే నాకు గట్టి ప్రమాణముగా తోచుచున్నవి.

ఫ్రాన్సులో ఈలోపల కాలము మారెను. 1787లో పదునారవ లూయీ శాసనము ప్రొటెస్టెంట్ల జననమరణ వివాహములను లెక్కకెక్కించెను. విప్లవము వచ్చిన పిమ్మట 1790 డిసెంబరు 15వ తేదీన చేసిన చట్టమొకటి, మతము కారణముగా దేశము వీడినవారి సంతతివారు ఎన్ని తరములవారైనను తిరిగివచ్చి ప్రమాణము చేసినచో ఫ్రెంచి పౌరులేయని ప్రకటించెను. అది 1945 వరకు అమలులో నుండెను. చట్టము పుట్టునప్పటికి పాల్ రివీరుకు ఏబదియైదేండ్లు. ఆతడు బోస్టనులో కొలిమి పెట్టుచుండెను. 1792లో తమ ప్రార్థనామందిరపు పగిలిన గంటను తానే కరగించి పోసెను. దాని నాదము కీచుగా నున్నదని ఒక మతబోధకుడు తన దినచర్యలో వ్రాసికొనెను గాని పని ఆగలేదు. 1828 నాటికి ఆ కార్ఖానా నుండి వెడలిన గంటలు దాదాపు నాలుగువందలు. 1801లో, అరువదియారవ యేట, కాంటన్ గ్రామమున రాగిరేకులు సాగదీయు మిల్లు నెలకొల్పెను. అంతవరకు అమెరికా రాగిరేకులను ఇంగ్లండునుండి తెప్పించుకొనుచుండెను. బోస్టను శాసనసభా భవనపు గోపురమునకును, కాన్‌స్టిట్యూషన్ యను యుద్ధనౌక అడుగునకును ఆ మిల్లు రేకులే తొడుగబడినవి. వెండి చెంచాలతో ఆరంభమైన చేయి నౌకల అడుగువరకు పోయెను.

ఇద్దరు భార్యలవలన పదునార్గురు బిడ్డలు; మొదటి భార్య సారా ఓర్న్ ఎనమండుగురిని, రెండవ భార్య రేచెల్ వాకర్ ఎనమండుగురిని కనిరి. ఐదుగురు పసితనముననే పోయిరి. 1818లో ఎనుబదిమూడేండ్ల వయసున రివీరు మరణింపగా, జోసఫ్ వారెన్ రివీరు అను కుమారుడు రాగి వ్యాపారమును నడపెను. తండ్రిని ఆ రాత్రి పంపిన వైద్యుడు బంకర్ హిల్ యుద్ధమున మరణించెను. ఆయన దేహమును మరుసటి యేట కృత్రిమదంతమును బట్టి గుర్తించినవారిలో దానిని అమర్చిన రివీరే యొకడు. ఆ వైద్యుని పేరే బిడ్డకు పెట్టబడెను. ఆ కుమారుని బిడ్డలిద్దరు అమెరికా అంతర్యుద్ధమున బలియైరి. సైనిక వైద్యుడగు ఎడ్వర్డు 1862లో ఆంటీటం రణరంగమునను, పాల్ జోసఫ్ 1863లో గెటిస్‌బర్గున తగిలిన గాయములతోను ప్రాణములు విడిచిరి.

రివీరు 1770లో కొన్న కొయ్యయిల్లు 1800లో పరుల పాలయ్యెను. అది కూలిపోవునేమోయని 1902లో ఆతని మునిమనుమడొకడు దానిని కొని నిలిపెను; 1908లో అది ప్రదర్శనశాలగా తెరువబడెను. ఆ యింటికి కొంతదూరమున గ్రానరీ శ్మశానవాటికలో పాల్ రివీరు సమాధి కలదు. అదే వాటికలో పీటర్ ఫాన్యూల్ సమాధియు కలదు. ఆతడును హ్యూగెనాట్ శరణార్థి కుమారుడే; బానిసల బేరముతో సహా పలు వ్యాపారములలో గడించిన ధనముతో 1742లో నగరమునకు సభామందిరమును కట్టించి యిచ్చినవాడు. స్వేచ్ఛావాదులు సభలు జరుపుకొన్నది ఆ మందిరముననే. రివ్వారు తన పేరును ఊరివారి నోటికి తగినట్లు తానే మార్చుకొనెను. ఫాన్యూల్ మార్చుకొనలేదు. ఆతని రాతిపై పేరు చెక్కినవాడు తన చెవికి వినబడినట్లు ఫ్యూనెల్ అని చెక్కి పోయెను.